కదలికను ఆపి చూపిన మనిషి: ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్

వార్షిక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. మహనీయుల గురించి రాసేవారు మన కళాశాలలో చాలామందే వున్నారు. నేను ఎన్నుకున్న మనిషి మహనీయుడా కాదా అనేది చదివిన తర్వాత మీరే తేల్చుకోవాలి. అతడు ఒకణ్ణి తుపాకీతో కాల్చి చంపాడు. కన్నకొడుకును అనాథాశ్రమంలో వదిలిపెట్టాడు. అయినా ఇవాళ వీడియోలోంచి బొమ్మలు విడదీసి కంప్యూటరుకు చూపించే ప్రతి విద్యార్థీ, తెలిసో తెలియకో, అతడు వేసిన బాటలోనే నడుస్తున్నాడు. ఆ సంగతి నాకు ఎట్లా తెలిసిందో ముందుగా చెప్పాలి.

మాది వేములపల్లి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద, సాగర్ ఎడమ కాలువ దగ్గర వున్న వూరు. కాలువ వచ్చాక మా వైపు వరి పెరిగింది, ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు తగ్గిపోయాయి. మా తాత మాత్రం ఒక జతను అమ్మకుండా వుంచుకున్నాడు. శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో ఎడ్ల పందేలు చూడకపోతే ఆయనకు సంవత్సరం గడిచినట్టు వుండదు.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నేను తీసుకున్న విషయం, పశువు నడకను ఫోనులో వీడియో తీసి, అది కుంటుతున్నదో లేదో కృత్రిమ మేధతో చెప్పించడం. ఇట్లాంటి ప్రోగ్రాములు చాలావరకు వీడియోను మనలాగా ఏకధారగా చూడవు. అందులోంచి విడి బొమ్మలు తీసి ఒక్కొక్కటిగా ఇస్తే, వాటిని పరిశీలించి చెబుతాయి. ఆ విడదీసే పనికి ఉచితంగా దొరికే పనిముట్లు వున్నాయి. నేను వాడింది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఒక్క వరుస ఆజ్ఞ రాస్తే చాలు, సెకనుకు ఎన్ని బొమ్మలు కావాలంటే అన్ని తీసి పెడుతుంది. కాలువ కట్ట మీద మా ఎడ్లను నడిపించి 40 సెకన్ల వీడియో తీశాను. సెకనుకు ఒకటి చాలులే అనుకొని 40 బొమ్మలు తీశాను. ఎద్దు నడకలో దోషమేమీ లేదని ప్రోగ్రాము చెప్పింది.

ఆ ఫలితం సంతోషంగా తాతకు చూపించాను. దాపటెద్దు ఎనక ఎడమ కాలు మీద బరువు ఆనిస్తలేదు, నాలుగు రోజుల సంది చూస్తున్న, నీ మిషినుకు కనిపిస్తలేదా బిడ్డా అని తాత నవ్వాడు. నాకు రోషం వచ్చింది. కళాశాలకు తిరిగి వచ్చి మా లెక్చరరు గారికి చెప్పుకుంటే, ఆయన ప్రోగ్రామును ముట్టుకోకుండా ముందు మైబ్రిడ్జ్ గురించి చదువుకొని రమ్మన్నారు. అట్లా చదివిన కథ ఇది.

మైబ్రిడ్జ్ అసలు పేరు ఎడ్వర్డ్ జేమ్స్ మగ్గరిడ్జ్. 1830 ఏప్రిల్ 9న ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున వున్న కింగ్‌స్టన్ అనే వూళ్లో పుట్టాడు. తండ్రి ధాన్యం, బొగ్గు వ్యాపారి. కుర్రవాడికి పదమూడేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఇరవై యేళ్ల వయసులో అతడు అమెరికా ఓడ ఎక్కాడు. మొదట న్యూయార్కులో, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో పుస్తకాల వ్యాపారం చేశాడు. పేరును మాత్రం ఒకచోట నిలవనివ్వలేదు. మగ్గరిడ్జ్ మైగ్రిడ్జ్ అయింది, మైగ్రిడ్జ్ మైబ్రిడ్జ్ అయింది. చివరికి ఎడ్వర్డ్ అనే మాట స్పెల్లింగును కూడా పాతకాలపు ఆంగ్ల రాజుల పేరులా మార్చుకున్నాడు. ఆ రాజుల పేర్లు చెక్కిన రాయి ఒకటి అతని సొంత వూళ్లోనే వుంది.

1860లో ఇంగ్లండుకు పోదామని గుర్రపు బండిలో బయలుదేరాడు. టెక్సాసులో గుర్రాలు బెదిరి బండి తలకిందులైంది. అతని తలకు పెద్ద దెబ్బ తగిలింది. కొంతకాలం జ్ఞాపకం చెడింది, ఒక్క వస్తువు రెండుగా కనిపించేది. వైద్యం కోసం ఇంగ్లండు చేరి కొన్నేళ్లు అక్కడే వున్నాడు. పుస్తకాలమ్మే మనిషిగా వెళ్లినవాడు 1867లో శాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగి వచ్చేసరికి ఆరితేరిన ఫోటోగ్రాఫరు! తలకు తగిలిన ఆ దెబ్బ వల్లే అతని స్వభావం మారి, కోపం, మొండితనం పెరిగాయని తెలిసినవాళ్లు తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పారు. సూర్యుడి పేరుతో హీలియోస్ అని సంతకం పెట్టి యోసెమిటీ కొండలు, జలపాతాల ఫోటోలు తీశాడు. 1868లో అలాస్కా వెళ్లి వచ్చాడు. బరువైన గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోసుకుంటూ కొండలెక్కిన రోజులవి.

1872లో అతని బ్రతుకును మార్చిన పిలుపు వచ్చింది. లీలండ్ స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా మాజీ గవర్నరు, రైల్వే కంపెనీ అధిపతి, గొప్ప ధనవంతుడు. గుర్రాలంటే అతనికి ప్రాణం. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఏదో ఒక క్షణంలో నేలను వదులుతాయా లేదా అన్నది అప్పట్లో గుర్రాలవాళ్లు తెగ వాదించుకునే ప్రశ్న. మనిషి కంటికి అది అందదు. ఇరవై అయిదు వేల డాలర్ల పందెం కాశాడని ఒక కథ ప్రచారంలో వుంది గాని దానికి ఆధారం లేదు. స్టాన్‌ఫర్డ్ తన ఆక్సిడెంట్ అనే గుర్రాన్ని ఫోటో తీయమని మైబ్రిడ్జ్‌ను పిలిచాడు. అప్పటి తడి పలకల మీద బొమ్మ పడాలంటే మామూలుగా కొన్ని సెకన్లు కెమేరా తెరిచి వుంచాలి. పరుగెత్తే గుర్రం అంతసేపు ఆగుతుందా? అయినా ప్రయత్నించి, మసకగానైనా ఏదో సాధించాడు.

ఆ పని సాగుతుండగా అతని సంసారం కూలింది. తనకన్నా ఇరవై యేళ్లు చిన్నదైన ఫ్లోరాను 1871లో పెళ్లి చేసుకున్నాడు. పనిమీద నెలల తరబడి వూళ్లు తిరిగేవాడు. 1874లో కొడుకు పుట్టాడు. ఆ సంవత్సరమే భార్యకు హ్యారీ లార్కిన్స్ అనేవాడితో సంబంధం వున్నదనీ, బిడ్డ అతనికే పుట్టి వుండవచ్చనీ తెలిసింది. అక్టోబరు 17న లార్కిన్స్ వున్న చోటికి రాత్రివేళ వెళ్లి, గుమ్మంలోకి పిలిచి కాల్చి చంపాడు. 1875 ఫిబ్రవరిలో విచారణ జరిగింది. మతి స్థిమితం లేదన్న వాదాన్ని జూరీ ఒప్పుకోలేదు. అయినా అది న్యాయమైన హత్యే అని వదిలేసింది. ఆ కాలపు మగవాళ్ల న్యాయం అట్లా వుంది. మైబ్రిడ్జ్ మధ్య అమెరికా దేశాలకు ఫోటోలు తీయడానికి వెళ్లిపోయాడు. అదే సంవత్సరం ఫ్లోరా జబ్బు చేసి చనిపోయింది. బిడ్డ అనాథాశ్రమంలో పెరిగాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక అతని ఫోటో చూసినవాళ్లు, ముఖం అచ్చం మైబ్రిడ్జ్‌దే అన్నారు. గుర్రం అడుగులో సెకనులో వెయ్యో వంతును పట్టుకోబోయే మనిషి తన ఇంట్లోని ముఖాన్ని తేరిపార చూడలేకపోయాడు. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

తిరిగివచ్చి మళ్లీ స్టాన్‌ఫర్డ్ పనిలో దిగాడు. పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ గుర్రాల శాల వుండేది. తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వెలసింది ఆ నేల మీదనే. అక్కడ పరుగు బాట పక్కన ఒక పొడుగాటి పాక కట్టి, అందులో 12 కెమేరాలు 27 అంగుళాల ఎడంతో వరుసగా పెట్టించాడు. ఎదురుగా తెల్లని గోడ. దాని మీద దూరం తెలిసేటట్టు గీతలు, అంకెలు. బాటకు అడ్డంగా సన్నని దారాలు. గుర్రం డెక్క తగిలి దారం తెగగానే విద్యుత్తుతో ఆ కెమేరా మూత తెరిచి మూసుకుంటుంది. ఈ విద్యుత్తు ఏర్పాటులో రైల్వే కంపెనీ ఇంజనీరు జాన్ ఐజాక్స్ తోడ్పడ్డాడు. ఒక్కో బొమ్మ పడే వ్యవధి సెకనులో రెండువేలవ వంతు కన్నా తక్కువ అని మైబ్రిడ్జ్ ప్రకటించుకున్నాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఎప్పుడు బొమ్మ తీయాలో మనిషి నిర్ణయించలేదు, గడియారమూ నిర్ణయించలేదు. గుర్రమే నిర్ణయించింది. అడుగు ఎక్కడ పడిందో అక్కడే బొమ్మ. ఆ తర్వాతి కాలంలో అతడు గడియారంతో నడిచే ఏర్పాటు కూడా చేసుకొని, సమాన వ్యవధులలో తీశాడు. ఇవాళ వీడియోలోంచి బొమ్మలు తీసేవారి ముందు కూడా ఈ రెండు దారులే వున్నాయి. గడియారం ప్రకారం ఇన్ని సెకన్లకు ఒకటి తీయడం ఒకటి. దృశ్యంలో ఏదైనా మారినప్పుడే తీయడం రెండోది.

1878 జూన్ 15న విలేఖరులను పిలిచి అందరి ఎదుట పరీక్ష చేసి చూపాడు. మొదట ఏబ్ ఎడ్జింగ్టన్ అనే గుర్రం బండి లాగుతూ పరుగెత్తింది. తర్వాత శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం దౌడు తీసింది. అది దారాలకు బెదిరి ఎగిరేసరికి జీను కట్టిన పట్టీ తెగింది. అప్పటికప్పుడే పలకలు కడిగి చూపిస్తే, తెగిన పట్టీ కూడా బొమ్మలో కనిపించింది! కల్పించిన బొమ్మలు కావని విలేఖరులకు అంతకన్నా గట్టి రుజువు ఏం కావాలి?

ఆ బొమ్మలు ప్రపంచాన్ని నివ్వెరపరిచాయి. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ నేలను వదిలేమాట నిజమే. అయితే అప్పటిదాకా చిత్రకారులు వేసినట్టు ముందుకాళ్లు ముందుకు, వెనుక కాళ్లు వెనక్కు బార్లా చాచినప్పుడు కాదు. నాలుగు కాళ్లూ కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు అది గాలిలో వుంటుంది. శతాబ్దాలుగా గొప్ప గొప్ప చిత్రకారులు వేసిన గుర్రాలు ఒక్కసారిగా అబద్ధమైపోయాయి. అదే యేడు అక్టోబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఈ బొమ్మలను ముఖపత్రం మీద వేసింది. మరుసటి సంవత్సరం కెమేరాలను 24కు పెంచి ఎడ్లు, కుక్కలు, మనుషుల కదలికలను కూడా తీశాడు.

విడదీసిన బొమ్మలను మళ్లీ కలిపితే ఏమవుతుంది? 1879లో జూప్రాక్సిస్కోప్ అనే యంత్రం చేశాడు. గుండ్రని గాజు పలక అంచున బొమ్మలు చిత్రించి, తిప్పుతూ వెలుగు పంపితే తెర మీద గుర్రం పరుగెత్తేది. సినిమాకు ముందు మెట్లలో ఇది ఒకటి. 1881లో పారిస్ వెళ్లినప్పుడు ఎటియెన్ జూల్స్ మారే అనే శరీరశాస్త్రజ్ఞుడు అతన్ని ఆదరించాడు. మారే 1882లో తుపాకీ ఆకారంలో సెకనుకు 12 బొమ్మలు తీసే కెమేరా చేసి, ఎగిరే పక్షుల రెక్కలను పరిశీలించాడు. ఇద్దరూ 1830లోనే పుట్టారు, ఇద్దరూ 1904 మే నెలలోనే పోయారు. మన తెలుగువాళ్లకు సినిమాను పరిచయం చేసిన రఘుపతి వెంకయ్య కూడా మద్రాసులో ఫోటో స్టూడియోతోనే బ్రతుకు మొదలుపెట్టినవాడని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

1882లో లండనులో మైబ్రిడ్జ్‌కు గొప్ప సన్మానమే జరిగింది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రముఖుల ముందు ఉపన్యసించాడు. రాయల్ సొసైటీ వారు వ్యాసం సమర్పించమన్నారు. అంతలో పిడుగు పడింది. స్టాన్‌ఫర్డ్ తన మిత్రుడైన డాక్టర్ స్టిల్‌మన్ చేత గుర్రం నడక మీద పెద్ద పుస్తకం రాయించి అచ్చు వేయించాడు. ముఖపత్రం మీద మైబ్రిడ్జ్ పేరు లేదు. లోపల అతన్ని కూలికి కుదిరిన ఫోటోగ్రాఫరులా ప్రస్తావించారు. పని అతనిది కాదేమోనన్న అనుమానంతో రాయల్ సొసైటీ వెనక్కు తగ్గింది. స్టాన్‌ఫర్డ్ మీద దావా వేశాడు, ఓడిపోయాడు. డబ్బు పెట్టినవాడిదా, ఆలోచన చేసినవాడిదా, యంత్రం బిగించిన ఇంజనీరుదా, ఆ ఘనత ఎవరిది? ఈ ప్రశ్న మన ప్రాజెక్టు బృందాలలో కూడా ప్రతి సంవత్సరం వస్తూనే వుంది గదా!

అతన్ని ఆదుకున్నది ఒక విశ్వవిద్యాలయం. 1884 నుంచి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. అప్పటికి తడి పలకల స్థానంలో పొడి పలకలు వచ్చాయి, బొమ్మలు స్పష్టంగా పడసాగాయి. వెనుక గళ్ల తెర కట్టి, ఒకే కదలికను పక్కనుంచి, ముందు నుంచి, వెనుక నుంచి ఒకేసారి తీశాడు. జంతుశాలలోని మృగాలు, మెట్లెక్కే ఆడవాళ్లు, సుత్తి కొట్టే కమ్మరులు, చివరికి ఆసుపత్రి నుంచి వచ్చిన నడక చెడిన రోగులు కూడా అతని కెమేరాల ముందు నడిచారు. నరాల వైద్యుడు ఫ్రాన్సిస్ డెర్కమ్ ఆ రోగుల నడకను బొమ్మలలో పరిశీలించాడు. నేను మా ఎద్దుతో చేయబోయిన పని నూట నలభై యేళ్ల కిందటే మనుషులతో జరిగిందన్న మాట. 1887లో 781 పెద్ద పలకలుగా ఆ పని అంతా వెలువడింది.

మెచ్చుకున్న చోటే ఒక లోపమూ చెప్పాలి. ఆ పలకలను తర్వాతి కాలపు పరిశోధకులు జాగ్రత్తగా చూస్తే, కొన్నింటిలో వరుస సరిగా లేదని తేలింది. ఏదో కెమేరా పనిచేయక బొమ్మ పోయినచోట ఖాళీ కనిపించకుండా సర్దాడు. కొన్నిచోట్ల వేరే వరుసలోని బొమ్మను తెచ్చి అతికించాడు. చూడడానికి వరుస నిండుగానే వుంటుంది. శాస్త్రం అనుకొని కొలిచేవాడికి మాత్రం అది మోసమే అవుతుంది.

మిగిలిన జీవితం త్వరగా చెప్పవచ్చు. 1888లో ఎడిసన్‌ను కలిశాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో తన కదిలే బొమ్మలకు ప్రత్యేకంగా ఒక హాలు పెట్టాడు, జనం పెద్దగా రాలేదు. కొద్ది యేళ్లలోనే అసలు సినిమా వచ్చి అతని గాజు పలకలను మరుగుపరిచింది. సొంత వూరు కింగ్‌స్టన్ చేరుకొని రెండు పుస్తకాలు అచ్చు వేయించి, 1904 మే 8న కన్నుమూశాడు. జీవితమంతా పేరు మార్చుకున్న మనిషికి సమాధి ఫలకం మీద కూడా పేరు తప్పుగానే చెక్కారు, మేబ్రిడ్జ్ అని!

ఇక నా కథకు వస్తాను. చదివిన తర్వాత నా తప్పు నాకే తెలిసింది. మా ఎద్దు ఒక కాలు ఎత్తినప్పటి నుంచి మళ్లీ అదే కాలు ఎత్తేదాకా సెకను పైచిలుకు పడుతుంది. సెకనుకు ఒక్క బొమ్మ తీస్తే ఒక్కో చుట్టుకు ఒకటో రెండో దక్కుతాయి. నొప్పి కాలు నేలకు ఆని, త్వరగా లేచే ఆ చిన్న వ్యవధి రెండు బొమ్మల మధ్య సందులో జారిపోతుంది. సినిమాలో బండి చక్రం వెనక్కు తిరిగినట్టు కనిపించేది కూడా ఇట్లాంటి కారణం వల్లనే. మైబ్రిడ్జ్ అన్ని కెమేరాలు దగ్గర దగ్గరగా ఎందుకు పెట్టాడో అప్పుడు బోధపడింది.

మా ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. అంటే 40 సెకన్లకు 1200. అన్నీ తీస్తే పక్కపక్కవి దాదాపు ఒకేలా వుండి పని పెరుగుతుంది గనక, సెకనుకు 10 చొప్పున 400 తీశాను. లెక్కపెట్టి చూస్తే, కుడి వెనుక కాలు నేల మీద వున్న బొమ్మలకన్నా ఎడమది వున్నవి స్పష్టంగా తక్కువ. తాత మాటే నిజం.

కొన్ని బొమ్మలు దుమ్ముతో, చెయ్యి అదరడంతో చెడిపోయాయి. పక్క బొమ్మనే నకలు చేసి ఆ ఖాళీలు పూడిస్తే పట్టిక అందంగా వస్తుందని ఒక రాత్రి నాకూ బుద్ధి పుట్టింది. దాదాపు చేసేశాను కూడా. మైబ్రిడ్జ్ పలకలు గుర్తొచ్చి ఆగిపోయాను. ఇన్ని బొమ్మలు పనికిరాలేదు, వదిలేశాను అని నివేదికలో వున్నదున్నట్టు రాశాను. దానివల్ల నాకు మార్కులు ఏమైనా తగ్గాయో లేదో తెలియదు గాని, అడిగినవాళ్లకు తల ఎత్తుకొని జవాబు చెప్పగలిగాను.

పశువుల డాక్టరు వచ్చి గిట్ట చీలికలో దిగిన ఇనుప ముక్క తీసి కట్టు కట్టాడు. పది రోజుల్లో ఎద్దు కుదుటపడింది. ఆ తర్వాత తాతను అడిగాను, మిషిను లేకుండా నీకెట్లా తెలిసిందని. నన్ను కాలువ కట్ట దిగువన బురద దగ్గరకు తీసుకుపోయి పాత అడుగులు చూపించాడు. బాగున్న ఎద్దు ముందుకాలు పెట్టిన గుంటలోనో దాని దగ్గరనో వెనుక కాలు పెడుతుందట. కుంటేది అంతదాకా అందుకోలేక వెనుకనే పెడుతుందట. కుడివైపు గుంటలు ఒకదాని మీద ఒకటి పడి వున్నాయి. ఎడమవైపు జానెడు ఎడం వుంది.

ఎద్దు తన నడకలోని బొమ్మలను తానే నేల మీద ముద్రించుకుంటూ పోయింది. శాలీ గార్డ్‌నర్ దారాలు తెంపినట్టుగానే! చూడవలసిన చోటు తాతకు తెలుసు, నాకు తెలియలేదు. వచ్చే సంవత్సరం ఈ ప్రాజెక్టును అందుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆజ్ఞ రాసేముందు ఒకసారి పశువు వెంట నడిచి చూస్తే మంచిదని నా మనవి. మా తాత ఇప్పటికీ దాపటెద్దు ఎనకాలే నడుస్తాడు.